రెండు వారాలకోసారి ఆఫీసు నెట్ నా మ్యాక్‌కి మాత్రమే ఆగిపోతోంది

లేసు కేటలాగ్, నరసాపురం:

నమస్కారం అండీ. లేసు ఎగుమతి చేసేవాళ్లకి ఫొటోలు తీసి కేటలాగులు చేసిపెట్టడం నా పని. మేడమీద మూడు గదుల ఆఫీసు. ఒకదాంట్లో నేను, పక్కన ఆడిటర్ గారు, చివరి గదిలో రొయ్యల మేత డీలర్ గారు. నెట్ ఒకటే, బిల్లు ముగ్గురం పంచుకుంటాం.

వైఫైకి పాస్‌వర్డ్ లేదు. నెట్ అబ్బాయి రౌటర్‌లో మా మెషిన్ల అడ్రస్‌లు (ప్రతి మెషిన్‌కీ ఉండే గుర్తింపు నంబర్లు, వీటినే మ్యాక్ అడ్రస్ అంటారట) ఎక్కించాడు, లిస్టులో ఉన్నవాటికే నెట్ వస్తుంది. మొదటిరోజు "మేడం, మ్యాక్ అడ్రస్ చెప్పండి" అంటే, మ్యాక్ కొన్నప్పుడు బిల్లు మీద రాయించిన అడ్రస్ అనుకుని డోర్ నంబరుతో సహా చెప్పాను. ఆడిటర్ గారు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు.

నాది ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్, అందులో సెకోయా అనే మ్యాక్ఓఎస్ వెర్షన్ వేసి ఉంది. అడ్రస్ ఎక్కించిన రోజు నుంచి బ్రహ్మాండంగా నడుస్తుంది. తర్వాత ఒకరోజు పొద్దున్న వచ్చేసరికి వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో చూస్తే ఐపీ (మామూలుగా మెషిన్‌కి రౌటర్ ఇచ్చే నంబరు) 169.254తో మొదలవుతుంది. మిగతా ఇద్దరి విండోస్ మెషిన్లకి ఏ నొప్పీ లేదు. నెట్ అబ్బాయి సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చి, మళ్లీ అడ్రస్ ఎక్కించి, "ఆపిల్ మెషిన్లతో ఇంతేనండీ" అనేసి వెళ్తాడు. ఇప్పటికి నాలుగుసార్లు అయింది.

"పోయినసారీ ఏకాదశికే కదే ఆగింది" అని మా అత్తగారు అన్నాక కేలండర్ తీశాను. సరిగ్గా ఏకాదశికి కాదు గానీ, రెండు వారాలకి అటూ ఇటూగా ఆగుతోంది. మొన్న 400 ఫొటోలు ఫోన్ హాట్‌స్పాట్ మీద పంపాల్సి వచ్చింది. రీస్టార్ట్ చేశాను, డీహెచ్‌సీపీ లీజ్ రెన్యూ (రౌటర్‌ని మళ్లీ ఐపీ అడగడం) కొట్టాను, ఏం లాభం లేదు. మ్యాక్ పాడైందంటారా?

భీమవరం బుల్లోడు:

ఆ వైఫైని ఫర్గెట్ కొట్టి మళ్లీ కలపండి మేడం. నాకు ప్రతిసారీ అలాగే అవుతుంది.

కేబుల్ కాకినాడ:

ఫర్గెట్ కొట్టకండి, ఇంకో కొత్త అడ్రస్ పుట్టినా పుడుతుంది. మ్యాక్ పాడవలేదు. 169.254 అనేది రౌటర్ ఐపీ ఇవ్వనప్పుడు మెషిన్ తనకు తానే పెట్టుకునే నంబరు. అంటే సిగ్నల్ అందుతోంది, రౌటర్ మాత్రం "నువ్వెవరో నాకు తెలీదు" అంటోంది.

ఎందుకు తెలీదంటే, మీ మ్యాక్ వేషం మారుస్తోంది. ఐఫోన్‌లో 2020 నుంచీ ఉన్న ప్రైవేట్ వైఫై అడ్రస్ 2024లో సెకోయాతో మ్యాక్‌కీ వచ్చింది. అసలు అడ్రస్ దాచి, నెట్‌వర్క్‌కి ఒక ఉత్తుత్తి అడ్రస్ చూపిస్తుంది. పాస్‌వర్డ్ లేని వైఫై కనబడితే దానంతట అదే 'రొటేటింగ్' పెట్టేసుకుంటుంది, అంటే సుమారు రెండు వారాలకోసారి ఆ అడ్రస్ మారిపోతుంది. ఏకాదశి లెక్క మీ అత్తగారు బాగానే పట్టారు!

సిస్టమ్ సెట్టింగ్స్‌లో వైఫైకి వెళ్లి, మీ నెట్‌వర్క్ పక్కన డీటెయిల్స్ నొక్కండి. ప్రైవేట్ వైఫై అడ్రస్ దగ్గర 'ఫిక్స్‌డ్' పెట్టి, అప్పుడు అక్కడ కనిపించే అడ్రస్ రాయించండి. రౌటర్ లిస్టులో మీ పాత అడ్రస్‌లు కూడా చూడమనండి. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ అయితే అది ఉత్తుత్తిదే.

రాజోలు రౌటర్:

కాకినాడ గారు చెప్పింది కరెక్టే. కానీ పాస్‌వర్డ్ లేకుండా లిస్టు మీద నడపడమేంటండీ! ఆ అడ్రస్‌లు గాల్లో బాహాటంగానే తిరుగుతాయి, తెలిసినవాడు ఒకటి కాపీ కొట్టి మీ నెట్‌లో కూర్చోగలడు. వైఫైకి డబ్ల్యూపీఏ2 అనే భద్రతతో పాస్‌వర్డ్ పెట్టించండి. ముందు అది పెట్టాకే అడ్రస్ చూసి రాయించండి, ఎందుకైనా మంచిది. వైర్ లాగించుకుందామనుకుంటే, ఎయిర్‌కి యూఎస్‌బీ-సీ అడాప్టర్ కావాలి. దానికి విడిగా ఇంకో అడ్రస్ ఉంటుంది, లిస్టులో అది ఎక్కించాలి.

లేసు కేటలాగ్, నరసాపురం:

ఆయ్, దొరికిందండీ! నెట్ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రౌటర్ లిస్టు తెరిపించాను. వరసగా ఐదున్నాయి: లేసు మేడం, లేసు మేడం 2, లేసు మేడం కొత్త, లేసు కొత్త 2, లేసు ఫైనల్. రెండో అక్షరాలు చూస్తే 6, ఈ, 2, 2, ఏ. కాసేపు మాట్లాడలేదు పాపం. తర్వాత "అంటే ఇన్నాళ్లూ తప్పు మాది కాదన్నమాట" అన్నాడు. ఎవరిదీ కాదులే అని టీ తెప్పించాను.

పాస్‌వర్డ్ దగ్గరే అసలు పంచాయితీ. చెరువుల రైతులు వచ్చి కూర్చుంటారు, వాళ్లకి రోజూ పాస్‌వర్డ్ ఎవరు చెబుతారని డీలర్ గారు ఒప్పుకోలేదు. "లిస్టులో లేని ఫోన్లకి ఇప్పుడు మాత్రం నెట్ వస్తోందా?" అని ఆడిటర్ గారు అడిగేసరికి మెత్తబడ్డారు. పాస్‌వర్డ్ పెట్టాం, నాది ఫిక్స్‌డ్ చేసి అడ్రస్ ఎక్కించాం, పాతవి ఐదూ తీసేశాం.

లేసు కేటలాగ్, నరసాపురం:

17 రోజులైంది, ఒక్కసారీ ఆగలేదు. మధ్యలో ఏకాదశి కూడా వెళ్లింది.