కావలి దగ్గర వృద్ధాశ్రమానికి 10,000 ఇవ్వాలి: భోజనాలా, వస్తువులా, డబ్బా?

తద్దినం రోజు ఇద్దామని. పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు 1: ముందు ఫోన్ చేసి అడగండి. ఒకేరోజు ముగ్గురు భోజనాలు తెస్తే సగం పారబోయాల్సిందే. పెద్దల డైపర్లు మాత్రం ఎప్పుడూ చాలవు. నడుం కొలత కనుక్కుని కొనండి. వదులైతే తొడల దగ్గర కారుతుంది, బిగువైతే ఒరుసుకుని పుండ్లు పడతాయి. మంచం పట్టినవాళ్లుంటే పక్క తడవకుండా కింద పరిచే అండర్‌ప్యాడ్లు కూడా.

జవాబు 2: బియ్యమైతే పాతవే. కొత్తబియ్యం ముద్దవుతాయి. డాక్టరు చీటీ చూడకుండా మందులు కొనకండి.

జవాబు 3: సంస్థకు విరాళాలపై పన్ను మినహాయింపునిచ్చే 80జీ రిజిస్ట్రేషన్ ఉండాలి. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, చెక్కో యూపీఐయో చేయండి. పాన్ నంబరిచ్చి, రసీదుతోపాటు విరాళం సర్టిఫికెట్ కూడా అడగండి. వస్తువులకు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే అసలు ఆ ఊసే లేదు.

అడిగినవారు: సరేనండీ, కొలతలు కనుక్కుంటా.