స్క్రీనింగ్ పిలుపులో "మహిళలు" అని రాయాలా, "గర్భాశయ ముఖద్వారం ఉన్నవారు" అని రాయాలా?

ప్రశ్న: అక్షరసేవ

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్షకు జనాన్ని పిలిచే రాతపని నా వంతుకు వచ్చింది. ఒక గోడపత్రిక, ఇంటికి వెళ్ళే ఉత్తరం, ఫోన్‌కు వెళ్ళే పొట్టి సందేశం, ఈ మూడూ రాయాలి. మొదటి ముసాయిదాలో "30 ఏళ్ళు నిండిన మహిళలందరూ ఈ పరీక్ష చేయించుకోవాలి" అని రాశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సాధారణ జనాభాకు హెచ్‌పీవీ పరీక్షను (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) 30వ ఏట మొదలుపెట్టి 5 నుంచి 10 ఏళ్ళకొకసారి చేయమంటున్నాయి కనుక వయసు విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా "మహిళలందరూ" అన్నచోట వచ్చింది.

ఆడపిల్లగా పుట్టి పురుషుడిగా జీవిస్తున్న ట్రాన్స్ పురుషులకూ ఈ అవయవం ఉండవచ్చు కాబట్టి ఆ మాటను "గర్భాశయ ముఖద్వారం ఉన్న వ్యక్తులందరూ" అని మార్చాలని సమీక్షకుల్లో ఒకరు సూచించారు. అలా మారిస్తే పిలుపు ఎవరికోసమో వారికే అర్థం కాదని ఇంకొకరు గట్టిగా అడ్డుపడ్డారు. ఇద్దరి వాదనలోనూ న్యాయం కనిపిస్తోంది. అందరినీ కలుపుకునే భాష, తేలికగా అర్థమయ్యే భాష ఈ రెండూ ఒకే వాక్యంలో ఇమడనప్పుడు దేనికి పెద్దపీట వేయాలో ఈ పని చేసినవారు చెప్పగలరా?

జవాబు: పరీక్షగది

నమూనాలు తీసే పనిలో ఉన్నదాన్ని కనుక నాకు ఎదురైనదే చెబుతాను. ఆరోగ్యానికి సంబంధించిన కాగితం మీద "ఉన్నవారు" అనే మాట కనిపించగానే చాలామందికి జబ్బే గుర్తుకు వస్తుంది, ఎందుకంటే షుగర్ ఉన్నవారు, బీపీ ఉన్నవారు, ఆస్తమా ఉన్నవారు అన్న వరుసలోనే వారు ఆ మాటను ఇన్నేళ్ళుగా చదువుతూ వచ్చారు. "గర్భాశయ ముఖద్వారం ఉన్నవారు రావాలి" అని రాసిన కరపత్రాన్ని చేతిలో పట్టుకుని ఒకావిడ, "నాకు అలాంటిదేమీ లేదమ్మా, మా అమ్మాయి పోరు పడలేక వచ్చాను" అని నాతోనే అన్నారు. ఆవిడ చదువురాని మనిషి కాదు, కరపత్రమంతా చదివే వచ్చారు. ఆ అవయవం తనకు పుట్టుకతోనే ఉందన్న సంగతి ఆ వాక్యం ఆవిడకు చెప్పలేకపోయింది.

అందుచేత గోడపత్రికలో "మహిళలు" అన్న మాట తప్పకుండా ఉండాలన్నది నా అభిప్రాయం. దానితోపాటు "గర్భాశయ ముఖద్వారం" అని వదిలేయకుండా "గర్భసంచి మూతి" అని కూడా రాయండి. దూరం నుంచి నాలుగు క్షణాలు చూసి వెళ్ళిపోయే మనిషి ఇది తనకోసమేనని పట్టుకోవడానికి ఈ రెండు మాటలే ఆసరా.

జవాబు: పక్కవరుస

పరీక్షగది గారు చెప్పినది కాదనను. అయితే ట్రాన్స్ పురుషుల ఆరోగ్యం విషయంలో కొంతకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి ఒక మాట చేర్చాలి. "మహిళలు" అన్న ఒక్క మాటతో సరిపెడితే ఆ కాగితం ట్రాన్స్ పురుషుడికి అర్థం కాకపోవడం కాదు, చక్కగా అర్థమవుతుంది, అక్కడ తనకు చోటు లేదనే అర్థమవుతుంది. పైగా అతనికి ఆ పరీక్ష అవసరం తక్కువేమీ కాదు. ఈ క్యాన్సర్లలో దాదాపు అన్నింటికీ మూలం హెచ్‌పీవీ వైరస్, ఆ వైరస్ ఎవరినీ లింగం అడిగి సోకదు. టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ వాడేవారిలో యోని లోపలి పొర పలచబడి పరీక్ష ఎక్కువ నొప్పిగా ఉండవచ్చు, పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) నమూనా సరిపోలేదని మళ్ళీ పిలిపించే సందర్భాలూ వారిలో ఎక్కువే. ఒకసారి రావడానికే వెనకాడే మనిషిని రెండోసారి రప్పించడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఎవరి నమూనా వారే తీసుకునే హెచ్‌పీవీ పరీక్ష అందుబాటులో ఉంటే ఆ సంగతి పిలుపులోనే రాయండి, అది సిగ్గుపడే మహిళలకూ ట్రాన్స్ పురుషులకూ సమానంగా పనికొస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంటికి వెళ్ళే ఉత్తరం విషయంలో ఈ తగవుకే చోటు లేదు, ఎందుకంటే అది ఒకే మనిషికి రాసేది. "మీరు ఈ పరీక్ష చేయించుకోవలసిన సమయం వచ్చింది" అంటే చాలు, "మహిళలందరూ" అనీ "వ్యక్తులందరూ" అనీ ఎవరు చెప్పమన్నారు? అక్కడ నిజంగా చూసుకోవలసింది చిరునామాల జాబితా. ఇంగ్లండ్‌లో 25 నుంచి 64 ఏళ్ళ మధ్యవారికి ఈ పిలుపు దానంతటదే వెళుతుంది గానీ, వైద్యుని దగ్గర పురుషుడిగా నమోదైన ట్రాన్స్ పురుషుడికి వెళ్ళదు. స్త్రీగా నమోదైన ట్రాన్స్ మహిళకు ముఖద్వారమే లేకపోయినా వెళుతుంది. లేఖలో ఎంత మర్యాదైన భాష వాడినా ఆ లేఖే అందని మనిషికి దానివల్ల ఒరిగేదేమిటి? మాటల మీద వారాల తరబడి వాదించుకునే సంఘాలు జాబితా ఎలా తయారైందని ఒక్క ప్రశ్న కూడా వేయకపోవడం నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే విషయం.

జవాబు: అంకెలబల్ల

వైద్య సమాచారాన్ని సంపాదకత్వం చేసే పని నాది. పై ఇద్దరూ ప్రస్తావించని ప్రమాదం ఒకటి ఉంది. ఏ మాట వాడాలో తేలగానే దాన్ని కంప్యూటర్‌లో "అన్నిచోట్లా మార్చు" అని నొక్కేసే అలవాటు ఉంటుంది చూడండి, అది అంకెల్ని చెడగొడుతుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6,60,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది, సుమారు 3,50,000 మంది చనిపోయారు. ఇవి మొత్తాలు కనుక "మంది" అన్నా నష్టం లేదు. కానీ ఈ జబ్బు రేటును లక్ష మంది మహిళలకు ఇంత అని లెక్కగడతారు, అక్కడ "మహిళలకు" తీసేసి "లక్ష మందికి" అని మారిస్తే ఆ వాక్యం అబద్ధమైపోతుంది. రొమ్ము క్యాన్సర్ కరపత్రంలో చిక్కు మరోలా ఉంటుంది. ఆ క్యాన్సర్లలో 0.5 నుంచి 1 శాతం పురుషులకు వచ్చేవే, అయినా పురుషులందరినీ రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌కు పిలవడం లేదు; "మహిళలు" స్థానంలో "ప్రజలు" అని వేస్తే పిలవనివారిని కూడా పిలిచినట్టవుతుంది.

అలాగని "మహిళలందరూ" అన్నది మాత్రం కచ్చితమైన మాటేమీ కాదు. క్యాన్సర్ కాని కారణంతో, క్యాన్సర్‌కు దారితీసే మార్పులు అంతకుముందు లేకుండా, గర్భసంచిని మూతితో సహా తీయించుకున్న మహిళకు సాధారణంగా ఈ పరీక్ష అక్కరలేదు. పైభాగం మాత్రమే తీసి మూతిని వదిలేసిన మహిళకు కావాలి. తనకు ఏ రకం ఆపరేషన్ జరిగిందో తెలియని మహిళలు ఎందరో ఉంటారు. కాబట్టి "గర్భసంచి ఆపరేషన్ అయినవారు పరీక్ష మానేసే ముందు వైద్యులను ఒకసారి అడగండి" అన్న వాక్యం ఎలాగూ రాయవలసిందే. దాని పక్కనే "ట్రాన్స్ పురుషులకూ గర్భసంచి మూతి ఉంటే ఈ పరీక్ష అవసరమే" అని ఇంకో వాక్యం పెడితే బరువనిపించదు. అమెరికాలో స్క్రీనింగ్ సిఫార్సులు చేసే నిపుణుల బృందం 2024లో రొమ్ము పరీక్ష విషయంలో దాదాపు ఇలాగే చేసింది: 40 నుంచి 74 ఏళ్ళ మహిళలు రెండేళ్ళకొకసారి మామోగ్రఫీ చేయించుకోవాలని సూటిగా రాసి, ఆ సిఫార్సు పుట్టుకతో స్త్రీగా నమోదైన ట్రాన్స్ పురుషులకూ వర్తిస్తుందని వేరేగా వివరించింది.

అవయవం పేరుతో మనుషుల్ని పిలవడం వికటించిన ఉదాహరణ కూడా ఉంది. 2021 సెప్టెంబరులో లాన్సెట్ వైద్య పత్రిక తన ముఖచిత్రం మీద "యోని ఉన్న శరీరాలు" అన్న అర్థం వచ్చే మాట వేసి, మహిళలను అవయవాలకు కుదించారన్న విమర్శ చెలరేగడంతో ప్రధాన సంపాదకుడు రిచర్డ్ హార్టన్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. కలుపుకోవాలనుకున్న మాటే పాఠకుల్లో మరో పెద్ద భాగాన్ని నొప్పించింది.

అక్షరసేవ

ముగ్గురికీ కృతజ్ఞతలు. గోడపత్రికలో "30 ఏళ్ళు నిండిన మహిళలు గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష చేయించుకోండి" అని పెద్ద అక్షరాల్లో ఉంచి, దాని కిందే అంకెలబల్ల గారు చెప్పిన రెండు వాక్యాలనూ అంతే స్పష్టంగా కనబడే అక్షరాల్లో వేస్తున్నాను. ఉత్తరమంతా "మీరు" అనే నడుస్తుంది.

ఇక మిగిలింది ఫోన్ సందేశం. తెలుగు లిపిలో ఒక సందేశానికి 70 స్థానాలే దొరుకుతాయి, ఒత్తులకూ గుణింతాలకూ విడివిడిగా లెక్క పడుతుంది. "గర్భాశయ ముఖద్వారం ఉన్న వ్యక్తులు" అన్న మాటలకే 32 స్థానాలు అయిపోయాయి. అందుకే "మీ గర్భసంచి మూతి పరీక్షకు సమయమైంది. ఫోన్ చేయండి." అని రాశాను, దీనికి 48 సరిపోయాయి, ఫోన్ నంబరుకూ చోటు మిగిలింది. ఇందులో ఇంకేమైనా లోపం ఉందా?

పక్కవరుస

ఉంది. ఫోన్ తెర మీద ఆ సందేశం తాళం తీయకుండానే కనబడుతుంది. పక్కన కూర్చున్న సహోద్యోగి దాన్ని చదివితే, తన సంగతి ఎవరికీ చెప్పుకోని ట్రాన్స్ పురుషుడు ఏమైపోవాలి?

పరీక్షగది

ఈ విషయంలో పక్కవరుస గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇంట్లో నలుగురూ వాడే ఫోన్‌కు ఆ సందేశం వస్తే మహిళలకూ అదే ఇబ్బంది, కొందరైతే దానికి సంజాయిషీ చెప్పుకోలేక పరీక్షకే రారు. సందేశంలో "మీకు పంపిన ఆరోగ్య పరీక్ష ఉత్తరం చూడండి" అని మాత్రం రాసి, అవయవం పేరును కవరు లోపలి కాగితానికి వదిలేయండి. కవరు మీద కూడా పరీక్ష పేరు అచ్చువేయకండి.