కంబాలకొండ పైగట్ల దాకా ట్రెక్కింగ్ దారి తెరవాలా?

మధురవాడ నడక:
మన విశాఖలోని కంబాలకొండకు వెళ్తే మనం చూసేది చెరువు, బోటింగ్, దాని చుట్టుపక్కల కాస్త నడకదారి, అంతే. 2002లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 70 చదరపు కిలోమీటర్ల పైమాటే. మన పిల్లలకు అరకు తెలుసు కానీ మేడ మీద నుంచి కనిపించే ఈ కొండ పేరు తెలియదు. గైడ్‌ను తోడిచ్చి, రోజుకు కొద్దిమందినే పంపుతూ రాతి గట్ల మీదకి దారి తెరవాలని నా అభిప్రాయం. కొండెక్కి చూసినవాళ్లే రేపు దానికి ఏదైనా అయితే గొంతెత్తుతారు. మీరేమంటారు?

సాగరతీరం:
వద్దే వద్దు. అభయారణ్యంలో జనం తిరగడానికి చట్టమే ఒప్పుకోదు.

మధురవాడ నడక:
ఒప్పుకుంటుందండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం పర్యాటకానికి కూడా అనుమతి ఇవ్వొచ్చు.

రాతిగుట్ట:
అనుమతి ఇవ్వొచ్చన్నది నిజమే. నా భయమంతా దారి ఎక్కడ వేస్తారన్నదే. మన కొండలు చాలావరకు ఖొండలైట్ రాయి. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కానీ ఎండకీ వానకీ పెళుసుబారి చివరికి ఎర్రమట్టి అయిపోతుంది. వాలు మీద ఆ మట్టి పొర పల్చగా ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేవి గడ్డి, పొదల వేళ్లే. రోజూ జనం ఒకే చోట తొక్కితే గడ్డి చస్తుంది, నేల బిగుసుకుపోతుంది, ఇంకాల్సిన నీరు ఆ దారినే కాలువ చేసుకుంటుంది. అక్టోబరులో వాయుగుండం పడితే మట్టి కొట్టుకుపోవడానికి ఒక్క రాత్రి చాలు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మన కొండలు ఎలా బోసిపోయాయో చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

ఇక చిరుత సంగతి. అది పగలు బండల సందుల్లో పడుకుని, చీకటి పడ్డాక తిరుగుతుంది. అడవి పక్కనే హైవే, అంచుల దాకా అపార్ట్‌మెంట్లు. దానికి పగటిపూట ప్రశాంతంగా మిగిలింది ఆ గట్లే. అక్కడికీ మనం వెళ్తే అది కిందికి దిగుతుంది. అప్పుడు కాలనీలోకి చిరుత వచ్చిందని టెన్షన్ పడేదీ మనమే, బోను పెట్టమని అడిగేదీ మనమే. ఎత్తు నుంచి సముద్రం చూడాలంటే కైలాసగిరి ఉంది, తొట్లకొండ ఉంది. అక్కడ రోడ్లూ జనమూ ఎప్పట్నుంచో ఉన్నాయి.

మధురవాడ నడక:
చిరుత విషయంలో మీతో వాదించలేను. కానీ మూసేసినంత మాత్రాన అడవి నిలుస్తుందా అండి? మనుషులు చూడని వాలు మీద చెట్లు నరికినా, గోడ లేచినా బయటికి చెప్పేదెవరు? నాకు రాత్రి క్యాంపులు వద్దు, మంటలు అసలే వద్దు. అడవికి ముప్పయ్యేలా నిప్పు రాజేస్తే 30వ సెక్షన్ కింద నేరం కూడా. వానాకాలం మూసేసి, మిగతా రోజుల్లో ఉదయం పూట మాత్రమే పంపమంటున్నాను.

సాగరతీరం:
ఉదయం వెళ్లినా చిప్స్ ప్యాకెట్లు, సీసాలు అక్కడే పడేస్తారు కదా. కింద చెరువు దగ్గరే ఆపలేకపోతున్నాం.

రాతిగుట్ట:
వానాకాలం మూత, రాత్రి బస లేకపోవడం, ఈ రెండూ నాకు సమ్మతమే. కింది వాలుల్లో దారి ఇంకాస్త పొడిగించినా సరే. పైగట్ల మీదకి మాత్రం ఇప్పుడే ఒప్పుకోను. ముందు ఒక ఏడాది పాటు కెమెరాలు పెట్టి చిరుత ఏ గట్ల మీద మసులుతోందో చూడమనండి. ఆ మ్యాప్ చేతికొచ్చాక దారి ఎటు గీయాలో మాట్లాడుకుందాం.