హెచ్‌డీ బాక్స్ పెట్టించాం, సగం ఛానళ్లు రావట్లేదు, దయచేసి ఎవరైనా చెప్పండి

హన్మకొండ వాసి:
పొద్దున తొమ్మిదింటి నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను. మూడు దాటింది, ఇంకా అన్నం తినలేదు. మాది డిష్ కనెక్షన్. మొన్న శుక్రవారం పాత బాక్స్ బదులు హెచ్‌డీ బాక్స్ పెట్టించాం. 43 అంగుళాల కొత్త టీవీ. 12 హెచ్‌డీ ఛానళ్లు తీసుకుంటే ఐదే వస్తున్నాయి. మిగతావి పెడితే నల్లటి తెర, మధ్యలో 'సిగ్నల్ లేదు' అని డబ్బా. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ ఒకటే మాట: బాక్స్ ఆఫ్ చేసి ఆన్ చేయండి, అరగంట ఆగండి. టెక్నీషియన్ మంగళవారం గానీ రాడట. సాయంత్రం మ్యాచ్ ఉంది. ఏం చేయాలి?

ముక్తసరి:
కేబుల్ ఏది పెట్టారు?

హన్మకొండ వాసి:
బాక్స్‌తో వచ్చిందే.

ముక్తసరి:
బాక్స్‌తో రెండు రకాలు వస్తాయి. పసుపు-ఎరుపు-తెలుపు మూడు పిన్నులదా, హెచ్‌డీఎంఐనా?

హన్మకొండ వాసి:
హెచ్‌డీఎంఐ. అంత తెలియనివాణ్ని కాదండీ.

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, మీ సమస్య సంగతి అలా ఉంచి, ముందు మీ ప్యాక్ ఒకసారి చూసుకోండి. హెచ్‌డీకి మారినవాళ్లలో చాలామంది తెలియకుండా రెండింతలు కడుతున్నారు. పాత ప్యాక్‌లో ఉన్న మామూలు ఛానల్ తీసేయకుండా దాని హెచ్‌డీ కూడా కలుపుతారు. ఒకే సీరియల్‌కి రెండు ఛానళ్ల డబ్బులు! టీవీ, ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం ఒకే ఛానల్ మామూలు రూపం, హెచ్‌డీ రూపం రెండూ ఒకే బొకేలో, అంటే ఛానళ్ల గుత్తిలో, పెట్టకూడదు. కానీ మనమే విడివిడిగా కలుపుకుంటే ఎవరూ ఆపరు. పైగా ఫీజు లెక్కలో ఒక హెచ్‌డీ ఛానల్‌ని రెండు మామూలు ఛానళ్లతో సమానంగా చూసేవారు. 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చినప్పుడు నెట్‌వర్క్ ఫీజు, అంటే ఛానళ్ల ధర కాకుండా కనెక్షన్‌కి నెలనెలా కట్టేది, 100 ఛానళ్లకి గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. తర్వాత అదే 130కి 200 ఛానళ్లన్నారు. 2024లో ఆ గరిష్ఠ పరిమితి కూడా ఎత్తేశారు, ఇప్పుడు ఎంత ఫీజు వేయాలో కంపెనీల ఇష్టం. నేను ప్రతి నెలా కాగితం మీద లెక్క వేసుకుంటాను. మా ఇంట్లో ఎనిమిది ఛానళ్లు ఎవరూ చూడనివి దొరికాయి.

హన్మకొండ వాసి:
మాస్టారూ, డబ్బుల గొడవ తర్వాత చూసుకుంటాను. ఛానల్ రావట్లేదు ఇక్కడ.

ఫైబర్ ఫ్యాన్:
ఇంకా ఈ గొడుగు డిష్‌లేంటి అన్నా? ఫైబర్ కనెక్షన్ పెట్టించి యాప్‌లలో చూసుకో. వాన పడితే పోయే టీవీ కోసం ఇంత టెన్షనా?

గోదారి గాలి:
ఫైబర్ మా ఊళ్లో ఎలుకలు కొరికాయి బ్రదర్, వారం రోజులు ఏదీ లేదు. డిష్షే నయం.

కొత్తపేట అక్క:
టీవీ హెచ్‌డీ రెడీనా, ఫుల్ హెచ్‌డీనా? హెచ్‌డీ రెడీ అయితే సరిగా రావు.

ముక్తసరి:
తప్పు. హెచ్‌డీ రెడీ టీవీలో కూడా అన్నీ వస్తాయి, స్పష్టత తగ్గుతుందంతే. తెర 1366 × 768 ఉంటుంది, బొమ్మని కుదించి చూపిస్తుంది. ఛానల్ రాకపోవడానికీ దానికీ సంబంధం లేదు.

కొత్తపేట అక్క:
అమ్మిన షాపువాడే చెప్పాడండీ నాకు.

ముక్తసరి:
షాపువాడికి పెద్ద టీవీ అమ్మాలి.

లెక్కల మాస్టారు:
అసలు అందరూ 'సెటప్ బాక్స్' అని రాస్తున్నారు ఈ గ్రూపులో. సెట్‌టాప్ బాక్స్ అనాలి. సెట్ అంటే టీవీ సెట్, దాని నెత్తిన పెట్టే డబ్బా కాబట్టి ఆ పేరు.

గోదారి గాలి:
ఇప్పుడు టీవీ నెత్తిన గోరు పట్టే చోటు కూడా లేదు మాస్టారూ. గోడకి అతుక్కుంది. మావాళ్లు సెటప్పే అంటారు, అర్థమైపోతుంది.

ఫైబర్ ఫ్యాన్:
ఏ కంపెనీదైనా 'డిష్ టీవీ' అనే వాళ్లున్నారు, సెటప్ అన్నందుకు బాధపడుతున్నారా?

లెక్కల మాస్టారు:
భాష సరిగ్గా ఉంటే సమస్య సరిగ్గా చెప్పగలరు. నా అభిప్రాయం.

పాత మెకానిక్:
నేను పదకొండేళ్లు డిష్‌లు బిగించాను, ఇప్పుడు వేరే పని. హన్మకొండ అన్నా, రెండు అడుగుతా. ఒకటి, హెచ్‌డీ ఛానళ్లే పోతున్నాయా, మామూలు ఛానళ్లు కూడా కొన్ని పోతున్నాయా? రెండు, రాని ఛానళ్లు ఎప్పుడూ రావా, ఒక్కోసారి వస్తాయా?

హన్మకొండ వాసి:
మామూలువీ కొన్ని రావట్లేదు. హిందీవి, కన్నడవి. మేం చూడం కదా, అందుకే రాయలేదు. నిన్న అర్ధరాత్రి దాటాక పెడితే పన్నెండూ వచ్చాయి! పొద్దున మళ్లీ మామూలే. అందుకే పిచ్చెక్కుతోంది.

పాత మెకానిక్:
ఇంట్లో ఇంకో బాక్స్ ఉందా?

హన్మకొండ వాసి:
ఉంది, అమ్మ గదిలో. పాత బాక్స్ ఆ టీవీకి పెట్టాం. బామ్మర్ది వచ్చి, ఒక లైనుని రెండుగా చీల్చే స్ప్లిటర్ వేసి లైను లాగాడు. దానికీ దీనికీ ఏం సంబంధం? అమ్మ టీవీ బాగానే వస్తోంది.

ముక్తసరి:
ఈ ముక్క పొద్దున్నే చెప్పాల్సింది.

పాత మెకానిక్:
అదే దొంగ. వినండి. డిష్ ముందు చెయ్యిలా చాపి ఉండే ముక్కు ఉంటుంది కదా, ఎల్‌ఎన్‌బీ. దానికి కరెంటు మీ బాక్సే పంపిస్తుంది, అదే కేబుల్‌లో. 13 వోల్టులు పంపితే నిలువు సిగ్నల్ పడుతుంది, 18 పంపితే అడ్డం సిగ్నల్ పడుతుంది. ఒక్క ఎల్‌ఎన్‌బీ ఒకసారి ఒకటే పట్టగలదు. ఛానళ్లు సగం నిలువులో, సగం అడ్డంలో ఉంటాయి. మీ అమ్మగారు అడ్డం ఛానల్ చూస్తుంటే ఆమె బాక్స్ 18 పంపుతుంది. మీ బాక్స్ 13 అడిగినా పెద్దదే గెలుస్తుంది. అంతే, మీ నిలువు ఛానళ్లన్నీ సిగ్నల్ లేదు అంటాయి. కేబుల్ టీవీకి స్ప్లిటర్ వేస్తే పనిచేస్తుంది, డిష్‌కి అలా కుదరదు. ఇది నేను కనీసం వందిళ్లలో చూశాను. ప్రతి ఇంట్లో ఒక బామ్మర్ది ఉంటాడు.

గోదారి గాలి:
😂 బామ్మర్దుల సంఘం తరఫున నిరసన.

హన్మకొండ వాసి:
కానీ అమ్మ టీవీ ఇప్పుడు కట్టేసే ఉంది అన్నా. పడుకుంది. అయినా రావట్లేదు.

పాత మెకానిక్:
టీవీ కట్టేశారు, బాక్స్ కట్టేశారా? రిమోట్‌తో ఆపితే ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది, చాలా బాక్సులు అప్పుడు కూడా ఎల్‌ఎన్‌బీకి కరెంటు పంపుతూనే ఉంటాయి. గోడ దగ్గర ప్లగ్ పీకండి. రాత్రి వచ్చాయంటే ఆ సమయానికి ఎవరో స్విచ్ ఆపి ఉంటారు.

హన్మకొండ వాసి:
అమ్మ పడుకునే ముందు గోడ స్విచ్‌లన్నీ ఆపుతుంది. పిడుగు భయం. పొద్దున పూజ అయ్యాక వేస్తుంది. మధ్యాహ్నం కునుకుకి మాత్రం రిమోట్‌తోనే కట్టేస్తుంది.

కొత్తపేట అక్క:
స్ప్లిటర్ సరైనది కాకపోయినా ఇలాగే అవుతుందా?

పాత మెకానిక్:
అవుతుందక్కా, అది వేరే రోగం. స్ప్లిటర్ మీద అచ్చు వేసి ఉంటుంది. 5-1000 మెగాహెర్ట్జ్ అని ఉంటే అది కేబుల్ టీవీది, పనికిరాదు. డిష్ నుంచి కిందికి వచ్చేది 950 నుంచి 2150 దాకా ఉంటుంది. హన్మకొండ అన్నా, మీ దాని మీద ఏముంది?

హన్మకొండ వాసి:
స్టూల్ వేసుకుని చూశాను. సన్‌షేడ్ కింద పావురం గూడు పక్కన వేలాడుతోంది. 5-2400 అని ఉంది. ఒక స్క్రూ వదులుగా ఉంది, రాగి తీగ కొంచెం పచ్చగా మారింది.

పాత మెకానిక్:
అయితే స్ప్లిటర్ మంచిదే, పని తప్పు. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ, ట్విన్ అంటారు, అది పెట్టి ఒక్కో బాక్స్‌కి డిష్ నుంచి విడివిడిగా కేబుల్ లాగాలి. పచ్చబడిన తీగ కొస అర అంగుళం కోసి కొత్త పిన్ను వేయించండి. బిగించాక పిన్ను మీద రబ్బరు తొడుగు వేయమనండి, వాన నీళ్లు దిగకుండా. ఈ లోపు మ్యాచ్ కావాలంటే అమ్మగారి ప్లగ్ పీకండి.

ముక్తసరి:
స్ప్లిటర్ తీసేసి కేబుల్ నేరుగా కలిపితే ఇంకా మంచిది.

లెక్కల మాస్టారు:
రెండో బాక్స్ ఉంది అన్నారు కదా, అది అదే ఖాతాలో ఉందా? ఒకే ఇంట్లో రెండో టీవీకి నెట్‌వర్క్ ఫీజులో 40 శాతానికి మించి తీసుకోకూడదని ఒకప్పుడు నియమం ఉండేది. ఇప్పుడు వాళ్లెంత వేస్తున్నారో చూసి చెప్పండి, నేను లెక్క వేసి పెడతాను.

ఫైబర్ ఫ్యాన్:
యాప్‌లో అయితే నిలువూ అడ్డం గొడవే ఉండదు.

గోదారి గాలి:
బఫరింగ్ గొడవ ఉంటుంది. వికెట్ పడ్డాక నలభై సెకన్లకి నీకు పడుతుంది, ఈలోపు పక్కింట్లో అరుపులు.

ఫైబర్ ఫ్యాన్:
మీ ఊళ్లో నెట్ బాలేకపోతే నేనేం చేయను.

హన్మకొండ వాసి:
ప్లగ్ పీకాను. పన్నెండూ వచ్చాయి, బొమ్మ అద్దంలా ఉంది. మెకానిక్ అన్నకి థాంక్స్. అమ్మ లేచింది, ఏడున్నరకి సీరియల్ ఉందట. మ్యాచ్ కూడా ఏడున్నరకే.

గోదారి గాలి:
ఇక మీ ఇష్టం అన్నా 🙏

లెక్కల మాస్టారు:
ఇంతకీ రెండో కనెక్షన్‌కి ఎంత వేస్తున్నారు, చెప్పనే లేదు.