కోమో సరస్సు: అమ్మానాన్నల్ని కారు లేకుండా తిప్పడం ఎలా?

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. సెప్టెంబర్‌లో చదువుకోడానికి ఇటలీలో మిలానో (మిలాన్) వచ్చాను. మే మొదటి వారంలో అమ్మా నాన్నా వస్తున్నారు. ఒకరోజు కోమో సరస్సు చూపించాలని ఉంది. రైల్లో కోమో ఊరికి వెళ్ళి, అక్కణ్ణించి పడవలో బెల్లాజో చూసి, అదే దారిలో సాయంత్రానికి వచ్చేద్దామనుకుంటున్నాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్న మాత్రం ఎంతైనా నడుస్తారు. ఈ ప్లాన్ కుదురుతుందా?

మిలానో నుంచి తమ్ముడు

తమ్ముడూ,

కోమో ఊరి నుంచి బయల్దేరకు. సరస్సు తూర్పు ఒడ్డునున్న వరెన్నా ఊరి నుంచి మొదలుపెట్టు.

ఎందుకంటే సరస్సు తిరగేసిన వై అక్షరంలా ఉంటుంది. కోమో ఒక కాలి చివర, లెక్కో ఇంకో కాలి చివర. మూడు పాయలూ కలిసే నడిమధ్యలో బెల్లాజో. కోమో నుంచి అక్కడికి మామూలు పడవలో దాదాపు రెండు గంటలు. అంటే పోనూ రానూ నాలుగు గంటలు అమ్మ కూర్చునే ఉండాలి. స్పీడు పడవకి అదనపు డబ్బు కట్టాలి, పైగా లోపల అద్దాల వెనక కూర్చోవాలి. అదే మిలానో చెంత్రాలే నుంచి తిరానో వైపు రైలెక్కితే గంట పైచిలుకులో వరెన్నాలో దిగుతారు. ఎడమ పక్క కిటికీ పట్టుకోండి, లెక్కో దాటాక సరస్సు అటే కనిపిస్తుంది. స్టేషన్ చిన్నది, కాబట్టి తిరుగు టికెట్ కూడా మిలానోలోనే కొనేసుకో. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు మెషీన్లో ముద్ర కొట్టించడం మర్చిపోకు.

స్టేషన్ నుంచి కిందికి కాస్త నడిస్తే రేవు. వరెన్నా, బెల్లాజో, మెనాజో, కదెనాబియా మధ్య కార్లని కూడా ఎక్కించుకునే ఫెర్రీ తిరుగుతుంది. మాది నర్సాపురం. మా అత్తగారు వచ్చినప్పుడు ఈ ఫెర్రీ రేవుకి చేరి, ముందున్న ఇనుప పలక పెద్ద చప్పుడుతో దిగి సిమెంటు వాలు మీద ఆనగానే, "ఇది మన సఖినేటిపల్లి పంటే (గోదావరి దాటించే పడవ) కదే!" అని నా చెయ్యి పట్టుకుని గబగబా ఎక్కేశారు. అప్పటిదాకా నీళ్ళంటే భయమన్న మనిషి! దాటడానికి పావుగంట. ఈ నడి సరస్సు వరకే రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగే టికెట్ ఉంది, రేవులో అడుగు.

పొద్దున్నే నేరుగా కదెనాబియా వెళ్ళండి. అక్కణ్ణించి విల్లా కార్లోత్తా మీదుగా ట్రెమెజో దాకా నీటి ఒడ్డునే చదునైన దారి, అమ్మ హాయిగా నడుస్తారు. మే మొదట్లో ఆ విల్లా తోటలో అజేలియాలు విరగబూసి ఉంటాయి. నాకైతే అక్కడ బెల్లాజో కన్నా ఇదే ఎక్కువ ఇష్టం. బెల్లాజోకి మధ్యాహ్నం వెళ్ళండి, కానీ పై వీధికి తీసుకెళ్ళేవన్నీ రాళ్ళు పరిచిన మెట్ల సందులు. అమ్మని ఎక్కించకు, ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టు.

టైంటేబుల్లో రెండు మాటలు చూసుకో. "ఫెరియాలే" అంటే పనిరోజు, శనివారం కూడా అందులోనే. "ఫెస్తీవో" అంటే ఆదివారం, సెలవు రోజు. ఫెరియాలే చూసి పండగనుకుని పొరబడేవాళ్ళున్నారు. మే 1 ఇక్కడ సెలవు, ఆ రోజు మాత్రం అస్సలు వెళ్ళొద్దు. మేం వచ్చిన కొత్తలో ఒక ఆదివారం కోమోకి వెళ్ళే ఆఖరి పడవ నిండిపోయి, రెండేళ్ళ పిల్లని ఎత్తుకుని రేవులో నిలబడిపోయాం. ఏడుపొచ్చేసింది. కారు ఫెర్రీలో వరెన్నాకి దాటి రైలెక్కి బయటపడ్డాం. నిన్ను వరెన్నా నుంచే మొదలుపెట్టమంటున్నది అందుకే. ఆఖరి రైలు టైము ముందే చూసి ఫోన్లో రాసిపెట్టుకో.

లెక్కో నుంచి అక్క

నాన్నగారి సంగతి నేను చెప్తాను. సాయంత్రం అమ్మ వరెన్నా ఒడ్డున కూర్చున్నప్పుడు ఆయన్ని వేజియో కోటకి పంపు. నిట్టనిలువు రాళ్ళ బాట, అరగంటలో పైన ఉంటారు. మూడు పాయలూ ఒకేసారి కనిపిస్తాయి. బూట్లు మాత్రం పట్టు ఉన్నవి వేసుకోమను.

ఇంకోరోజు దొరికితే నువ్వూ నాన్నగారూ సెంతియేరో దెల్ వియాందాంతే నడవండి. అబ్బాదియా నుంచి కొలికో దాకా తూర్పు ఒడ్డు మీద పాత బాటసారుల దారి, సుమారు 45 కిలోమీటర్లు, నారింజ రంగు గుర్తులుంటాయి. కింద రైలు మార్గం వెంటే వస్తుంది కాబట్టి అలసిపోతే దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి దిగిపోవచ్చు. మొదటిసారికి వరెన్నా నుంచి బెల్లానో చాలు, అక్కడ కొండ చీలికలోంచి నీళ్ళు దూకే ఒర్రీదో చూసి రైలెక్కండి.

అక్క చెప్పని మాట ఒకటుంది. మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి లేస్తుంది, దాన్ని ఇక్కడివాళ్ళు బ్రేవా అంటారు. ఎండ కాస్తున్నా పడవ పై అంతస్తులో చలేస్తుంది. అమ్మకి శాలువా, చెవులకి స్కార్ఫు తప్పకుండా పెట్టు.

మాందెల్లో నుంచి అన్నయ్య

అక్కా, అన్నయ్యా, మే 1 టికెట్లే కొనబోయాను! మంగళవారానికి మార్చేశాను. అక్కా, పులిహోర కట్టుకుని వెళ్తే ఎక్కడ కూర్చుని తినొచ్చు?

ట్రెమెజోలో నీటి ఒడ్డునే పార్కు ఉంది తమ్ముడూ, చెట్ల నీడ, బెంచీలు. ఆకులు, కవర్లు తిరిగి సంచిలో వేసుకోండి. అమ్మానాన్నలు దిగాక ఒక ఫోన్ చెయ్యి, వరెన్నా స్టేషన్‌కి పెరుగు తీసుకొస్తాను.