‘ఇంటర్‌ఫేస్’ను సరిహద్దు అనవచ్చునా?

ప్రశ్న: హెమటైట్, ఇల్మనైట్ అనే రెండు ఆక్సైడు ఖనిజాలు కలిసే చోట పుట్టే అయస్కాంతత్వాన్ని గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ఇంటర్‌ఫేస్’ను ‘సరిహద్దు’ అంటే చదివిన మిత్రులొకరు ఒప్పుకోలేదు. పెద్దల అభిప్రాయం తెలుపగలరు.

జవాబు: మీ మిత్రుల మాటే సబబు. సరిహద్దు ఒట్టి గీత, దానికి సొంత మందం లేదు. హెమటైట్‌లో ఇనుప అయాన్ల పొరలు ఒకటి విడిచి ఒకటి ఎదురెదురు దిశల్లో అయస్కాంత భ్రామకాలతో (అంటే చిన్న చిన్న అయస్కాంతాల్లా) పేర్చి ఉంటాయి గనుక మొత్తం దాదాపు సున్నా అవుతుంది. ఇల్మనైట్ (ఇనుము, టైటానియంల ఆక్సైడు; భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలోనూ ఉండేదే) మామూలు ఉష్ణోగ్రత వద్ద పారా అయస్కాంత పదార్థం, అంటే బయటి అయస్కాంతం ఉన్నంతసేపే కొద్దిగా ఆకర్షితమయ్యేది మాత్రమే. అయినా ఈ రెండూ సన్నని రేకులుగా అల్లుకున్న శిలలు బలమైన అయస్కాంతత్వాన్ని యుగాల తరబడి నిలుపుకుంటాయి. అది ఆ రెండూ తాకే పొరల్లోనే ఉన్నదని రాబిన్సన్, హారిసన్, మెకెన్రో, హార్‌గ్రేవ్స్ అనే శాస్త్రవేత్తలు 2002లో ప్రతిపాదించారు. కాబట్టి ‘సంధిపొర’ అనండి. మహా, ఇంద్ర కలిసినప్పుడు ఆ, ఇ రెండూ పోయి ‘మహేంద్ర’లో రెండింటిలోనూ లేని ఏకారం వచ్చినట్లే, ఇక్కడ రెండు ఖనిజాల్లోనూ లేని పొర ఏర్పడుతున్నది.

మరొకరు: పదం బాగుంది గాని పోలికతో పేచీ ఉంది. గుణసంధిలో జరిగేది ఏకాదేశం, అంటే రెండు అచ్చులూ కరిగి ఒకటి కావడం. పెంట్చెవా అనే శాస్త్రవేత్త బృందం 2008లో డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతానికి (ఎలక్ట్రాన్ల సాంద్రతను బట్టి పదార్థ గుణాలను లెక్కగట్టే పద్ధతికి) ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను సరిదిద్దే ‘యు’ అనే గణిత పదాన్ని చేర్చి చేసిన గణనల్లో, ఆ పొరలోని ఇనుము సగటు ఆవేశానికి రాలేదు; 2+, 3+ అయాన్లు పక్కపక్కనే విడివిడిగా నిలిచాయి. హెమటైట్‌లో ఇనుము 3+, ఇల్మనైట్‌లో 2+. టైటానియం 4+ పొర పక్కన కుదరని ఆవేశం ఈ విధంగా సర్దుకుంటుంది. వ్యాకరణంలో దీనికి దగ్గరిది ద్వంద్వ సమాసం.

జవాబు: అంగీకరిస్తున్నాను, ఏకాదేశపు పోలికను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే కీలు అన్న అర్థంలోనూ సంధి ఉన్నది గనుక ‘సంధిపొర’ను వదలనక్కరలేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: పరమాణువుల వరుసను ‘పొర’ అని, ఖనిజపు పలుచని పలకను ‘రేకు’ అని వ్యాసమంతటా వేరుగా రాయండి.