చర్చ: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదివితే బస్తీకి నీడ దక్కుతుందా?

బీఆర్క్_చివరి_ఏడు:
గేట్ పరీక్ష రాసి విజయవాడ స్పాలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో, అంటే పార్కులు, చెరువుగట్ల వంటి ఆరుబయటి స్థలాల రూపకల్పనలో, ఎంఆర్క్ (పీజీ) చేయాలనుకుంటున్నాను. మా బస్తీలో పిల్లలు ఆడుకోవడానికి రోడ్డు తప్ప మరేమీ లేదు. కాలువ దాటితే కాలనీకి రెండు పార్కులున్నాయి. ఈ తేడాను తగ్గించడానికి ఈ చదువు పనికొస్తుందా, లేక విల్లాల లాన్లు గీయడంతోనే సరిపోతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చెరువుగట్టు:
పదకొండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. మొదటి నాలుగేళ్లూ విల్లాలే గీశాను. ఇంటి అద్దె కట్టింది అవే కనుక వాటిపై నాకు చిన్నచూపు లేదు. ఆ తరువాత ఒక పట్టణంలో చెరువు సుందరీకరణ పని వచ్చింది. సర్వే పటంలో ఖాళీ స్థలమని రాసి ఉన్న చోట నేను నడకబాట గీశాను. నిజానికి అది చాకిరేవు. నేను సైటుకు వెళ్లిన రెండుసార్లూ సాయంత్రమే వెళ్లాను. బట్టలుతికేవారు తెల్లవారుజామున వచ్చి పదింటికల్లా వెళ్లిపోతారు. పని మొదలయ్యాక ఒక పెద్దావిడ నునుపుదేరిన బండను చూపించి, "ఇది మా అత్త కాలం నాటిది బాబూ, దీన్నెక్కడ పెడతారు?" అని అడిగింది. బాటను వెనక్కి జరిపి రేవును నిలబెట్టగలిగాం గానీ ఆరవేసే చోటును కాపాడలేకపోయాం. ఇప్పుడు వాళ్లు కంచె మీదే బట్టలు ఆరవేస్తున్నారు, కాపలాదారు ఈల వేస్తున్నాడు.

పెన్సిల్వేనియా_తెలుగు:
ఇక్కడ అమెరికాలో, పశ్చిమ ఫిలడెల్ఫియాలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఆన్ విస్టన్ స్పర్న్ 1987లో మొదలుపెట్టిన పనిని చూడండి. మిల్ క్రీక్ అనే వాగును ఎప్పుడో మురుగు గొట్టంలో పెట్టి పైన ఇళ్లు కట్టేశారు. ఆ పూడ్చిన వాగు వెంబడే నేల కుంగింది, ఇళ్లు కూలి ఖాళీ స్థలాలు మిగిలాయి. ఎక్కువగా నల్లజాతి కుటుంబాలుండే ఆ పేటలో ఆమె బడిపిల్లలకు పాత పటాలు చదవడం నేర్పించారు. తమ వీధి ఎందుకు పాడుబడిందో పిల్లలే చెప్పగలిగారు. మొక్కల ఎంపిక కంటే ముందు రావలసిన విద్య ఇదేనని నా అభిప్రాయం.

చక్రాల_కుర్చీ:
నాదొక చిన్న మాట. బైకులు రాకుండా పార్కు గేటు దగ్గర వంకరగా కడ్డీలు బిగిస్తారు. నా కుర్చీ కూడా అక్కడే ఆగిపోతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. లోపల ర్యాంపు మాత్రం చక్కగా కట్టారు.

బీఆర్క్_చివరి_ఏడు:
అందరికీ ధన్యవాదాలండీ. చెరువుగట్టు గారూ, మా బస్తీ చివర హైటెన్షన్ తీగల కింద ఖాళీ జాగా ఒకటుంది. అది పనికిరాని చోటని నా థీసిస్ పటంలో రాసుకున్నాను. ఉదయం ఐదింటికి నీళ్ల ట్యాంకరు ఆగేదీ, బిందెల వరుస పెరిగేదీ అక్కడే. ఆ మాట కొట్టేసి మళ్లీ గీస్తున్నాను.